జంతువుల జాడలో నేరాల జాడ: తరచుగా అడిగే ప్రశ్నలు

అడవి జంతువు మెడకు కాలర్ వేసి, పక్షి వీపుకు చిన్న ట్రాన్స్‌మీటర్ కట్టి, అవి తిరిగే దారులను బట్టి దొంగవేటనూ విషప్రయోగాన్నీ అక్రమ చేపల వేటనూ కనిపెట్టవచ్చన్న వార్త వచ్చినప్పుడల్లా కొన్ని సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కొందరు దీన్ని సినిమా కథలా వింటారు, మరికొందరు మూగజీవాల మీద మరో హింసగా చూస్తారు. ఆ సందేహాలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, పని నడిచే క్రమంలో ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

జంతువుకు నేరమంటే ఏం తెలుసు? అది ఎలా పట్టిస్తుంది?

దానికేమీ తెలియదు, తెలియకపోవడమే ఈ పద్ధతికి బలం. రాబందు తిండి కోసం కళేబరం దగ్గరికి వెళుతుంది. ఆ కళేబరం దంతాలు నరికిన ఏనుగుది కావచ్చు. సముద్రపక్షి చేపల వ్యర్థాల కోసం ఓడ వెంట పడుతుంది; ఆ ఓడ తన ఉనికిని దాచుకుంటున్నది కావచ్చు. కొన్నిసార్లు కాలర్ ఉన్న జంతువే నేరానికి బలై, గంటల తరబడి ఒకే చోట కదలకుండా ఉండిపోతుంది. ఇంకొన్నిసార్లు మనుషుల అలికిడికి మంద ఒక్కసారిగా చెదిరి పరుగెత్తుతుంది. వీటన్నిటిలోనూ మనకు దక్కేది ఒక చోటు, ఒక సమయం మాత్రమే. నేరస్థుడి పేరు ఏ పక్షీ చెప్పదు. ఆ చోటికి సకాలంలో మనిషి వెళ్ళకపోతే, పటం మీద పడిన చుక్క చుక్కగానే మిగిలిపోతుంది.

ఉపగ్రహాలు, డ్రోన్లు ఉన్న కాలంలో ఈ పక్షులూ ఏనుగులూ ఎందుకు?

ఉపగ్రహ చిత్రం తీయాలంటే ఎక్కడ చూడాలో ముందుగా తెలియాలి. మబ్బు పడితే మామూలు కెమెరాకు కింద ఏముందో కనిపించదు. డ్రోన్ కొద్దిసేపు ఎగిరి దిగిపోతుంది, దాన్ని ఎగరేసే మనిషి దగ్గరలోనే ఉండాలి. వేల కిలోమీటర్ల నడిసముద్రంలోనూ, రోడ్డే లేని అడవిలోనూ ఈ రెండూ నిరంతరం కాపలా కాయలేవు. జంతువు మాత్రం అక్కడే బతుకుతుంది, తన ఆకలి కొద్దీ తానే వెతుక్కుంటూ వెళుతుంది. గస్తీ పడవ కనిపిస్తే జాగ్రత్తపడే వాడు నెత్తిమీద తిరిగే పక్షిని అనుమానించడు. అయితే ఇది గస్తీకి ప్రత్యామ్నాయం కాదు. గస్తీ ఎటు వెళ్ళాలో చెప్పే సూచన మాత్రమే.

జంతువులకు ఇలా పరికరాలు కట్టడం నేరాల కోసమే మొదలైందా?

కాదు. జంతువుల వలసలనూ ఆహారపు అలవాట్లనూ తెలుసుకోవడానికి జీవశాస్త్రజ్ఞులు మొదలుపెట్టిన పని ఇది. ఫ్రాన్స్, అమెరికా సంస్థలు కలిసి 1978లో ప్రారంభించిన ఆర్గోస్ ఉపగ్రహ వ్యవస్థ, ఆ తరువాత జీపీఎస్, సౌరఫలకాలు, మొబైల్ నెట్‌వర్కులు వచ్చి దాన్ని సులభం చేశాయి. చాలా ప్రాజెక్టుల్లో నేరాలు బయటపడింది అనుకోకుండానే: వలసదారిని గమనిస్తున్న పరిశోధకుడికి తన పక్షి వలస పూర్తికాకముందే మాయమైపోవడం కనిపించింది. ప్రత్యేకంగా నేరాలను కనిపెట్టడం కోసమే పరికరాలు తయారుచేయడం ఇటీవలి మాట.

## పరికరం కట్టేటప్పుడు

ఆ బరువు మోయడం జంతువుకు బాధ కాదా?

భారమే, అందుకే ఆ భారానికి హద్దు పెట్టుకుంటారు. ఎగిరే పక్షుల విషయంలో పరికరం బరువు శరీర బరువులో మూడు శాతం దాటకూడదన్నది పరిశోధకులు ఎక్కువగా పాటించే నియమం. నూటయాభై గ్రాముల అముర్ డేగకు 5 గ్రాముల పరికరం కట్టడమంటే ఆ హద్దును కాస్త దాటినట్లే. ఎనిమిది పది కిలోల ఆల్బట్రాస్ అనే సముద్రపక్షికి 65 గ్రాములు ఒక శాతం కూడా కాదు. అయితే బరువు ఒక్కటే లెక్క కాదు. పట్టు, ఒరిపిడి, తడి కూడా చూడాలి. 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కులో రెండు చీతాలు రోజుల వ్యవధిలో చనిపోయినప్పుడు వాటి మెడ దగ్గర గాయాలు కనిపించాయి. కాలరే కారణమన్న మాటను అధికారులు మొదట నిరాధారమైన ఊహ అన్నారు, కానీ తరువాత మిగిలిన చీతాలను పట్టి, కాలర్లు తీసి పరీక్షించవలసి వచ్చింది. వానాకాలంలో తడిసిన మెడపట్టీ కింద పుండు పడి పురుగు చేరుతుందని ఎద్దుకు పలుపు కట్టే రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. జంతువు ఈ పనికి ఒప్పుకుని రాలేదన్న సంగతి పరికరం కట్టే ప్రతిసారీ గుర్తుండాలి.

మన దేశంలో ఎవరైనా పక్షిని పట్టి ట్యాగ్ కట్టవచ్చా?

కట్టకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాని షెడ్యూళ్ళలో, అంటే జాబితాల్లో, ఉన్న జంతువును పట్టడమే నేరం. శాస్త్రీయ పరిశోధన కోసమైతే సెక్షన్ 12 కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. మొదటి షెడ్యూల్‌లోని జంతువైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా ముందే ఉండాలి. ఉద్దేశం మంచిదే అయినా అనుమతి లేకుండా చేసిన పని దొంగవేట కిందికే వస్తుంది.

ఏ జంతువునైనా కాపలాదారుగా వాడుకోవచ్చా?

అన్నీ పనికిరావు. వెతుకుతున్న నేరానికీ ఆ జంతువు బతుకుతెరువుకూ సంబంధం ఉండాలి. కళేబరాలను వెతకాలంటే రాబందు, ఓడలను వెతకాలంటే ఓడల వెంటపడే సముద్రపక్షి, చొరబాటును పసిగట్టాలంటే మందలో తిరిగే బెదురు జంతువు కావాలి. ఎక్కువ దూరం తిరిగేదై, పరికరం మోయగలిగేదై, పట్టి వదిలితే మామూలు జీవితంలోకి తొందరగా వెళ్ళగలిగేదై ఉండాలి. పులి లాంటి ఒంటరి జంతువుకు వేసే కాలర్ ముఖ్యంగా ఆ పులిని కాపాడడానికే పనికొస్తుంది. అడవి మొత్తం మీద నిఘాకు అది చాలదు.

## సముద్రం మీద

ఆల్బట్రాస్‌లు దొంగ ఓడలను పట్టించాయని చదివాము. అసలు జరిగిందేమిటి?

దక్షిణ హిందూ మహాసముద్రంలో క్రోజె, కెర్గలెన్, ఆమ్‌స్టర్‌డామ్ అనే దీవులున్నాయి. అవి ఫ్రాన్స్ ఆధీనంలోనివి. అక్కడ స్థిరమైన ఊళ్ళు లేవు, పరిశోధన కేంద్రాలు మాత్రమే ఉంటాయి. ఆ దీవుల్లో గూడు కట్టే ఆల్బట్రాస్‌లను ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా సంస్థ సీఎన్ఆర్ఎస్ శాస్త్రవేత్త ఆన్రి వైమెర్స్‌కిర్క్ దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్నారు. రెక్కలు చాచితే మూడు మీటర్లు దాటే ఈ పక్షులు రెక్క ఆడించకుండానే గాలివాటున వందల కిలోమీటర్లు పోతాయి, ముప్పై కిలోమీటర్ల దూరంలోని చేపల ఓడను కూడా గుర్తించి దాని వైపు మళ్ళుతాయి. ఓడ మీది నుంచి పారేసే చేప పేగులూ తలలూ వాటికి విందు.

ఈ అలవాటు ఆధారంగా వైమెర్స్‌కిర్క్ బృందం ఒక కొత్త పరికరాన్ని సిద్ధం చేయించింది. అందులో జీపీఎస్‌తో పాటు ఓడల రాడార్ తరంగాలను పసిగట్టే చిన్న యాంటెన్నా కూడా ఉంటుంది. పక్షి ఓడకు దాదాపు ఐదు కిలోమీటర్ల లోపుకు వస్తే రాడార్ ఉన్నట్లు నమోదై, ఆ సమాచారం ఉపగ్రహం ద్వారా వెంటనే ఒడ్డుకు చేరుతుంది. ఓడలు తమ పేరునూ స్థానాన్నీ ప్రకటించుకునే ఏఐఎస్ అనే మరో వ్యవస్థ ఉంది. ఏ ఓడైనా ఎదురుగా వచ్చేవాటిని గుద్దుకోకుండా రాడార్ వాడుకోక తప్పదు, కానీ ఏఐఎస్‌ను మీట నొక్కి ఆపేయవచ్చు. కనుక పక్షికి రాడార్ తగిలిన చోట ఏఐఎస్ పటంలో ఓడ లేకపోతే, అక్కడెవరో తమను తాము దాచుకుంటున్నారని తెలుస్తుంది.

2018 చివర మొదలై ఆరు నెలల పాటు 169 పక్షులు ఈ పరికరాలతో 4.7 కోట్ల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని చుట్టి, 353 ఓడల రాడార్‌లను పసిగట్టాయి. ఆ ఓడల్లో 28 శాతానికి ఏఐఎస్ సంకేతం లేదు. ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ జలాల్లో ఆ వాటా 37 శాతం. ఈ ఫలితాలు 2020 జనవరిలో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చాయి. పక్షుల పుణ్యమా అని, అప్పటిదాకా అనుమానంగా చెప్పుకునే మాటకు మొదటిసారి ఒక కొలత దొరికింది.

ఏఐఎస్ ఆపేసిన ఓడలన్నీ దొంగ ఓడలేనా?

కావు, వార్తల్లో ఎక్కువగా పొరబాటు జరిగేది ఇక్కడే. మంచి చేపల చోటు దొరికిన ఓడ యజమాని పోటీదారులకు తెలియకూడదని కూడా ఏఐఎస్ ఆపుతాడు. లైసెన్సు ఉన్న ఓడలూ అలా చేస్తాయి. ఏ పరిమాణం ఓడకు ఏఐఎస్ తప్పనిసరి అన్న నియమమూ దేశానికొక రకంగా ఉంది. కనుక 28 శాతం అన్న అంకెను 28 శాతం దొంగలని చదవకూడదు. తమ ఉనికిని ప్రకటించని ఓడల వాటా అది. వాటిలో ఏది అక్రమమో తేల్చాలంటే ఆ జలాలు ఎవరివి, అక్కడ ఎవరికి అనుమతి ఉంది, ఆ రోజు ఎవరెవరు తమ స్థానాన్ని తెలియజేశారు అన్న వివరాలు చూడాలి, అవసరమైతే నౌకాదళం వెళ్ళి ఓడ ఎక్కాలి. అంటార్కిటికా వైపున ఉన్న ఈ చల్లని జలాల్లో ఎంతో ధర పలికే టూత్‌ఫిష్ అనే చేప కోసం 1990ల్లో అక్రమ వేట విపరీతంగా సాగింది. అందుకే ఫ్రాన్స్‌కు ఈ నిఘా మీద అంత ఆసక్తి.

దీనివల్ల ఆ పక్షులకు ఏమైనా మేలు ఉందా, లేక మన పనికి వాడుకోవడమేనా?

మేలు ఉంది. చేపల ఓడలు వేలాది గాలాలకు ఎర గుచ్చి, కిలోమీటర్ల పొడవైన తాళ్ళను నీళ్ళలోకి వదులుతాయి. ఎర మునిగేలోపు దాన్ని మింగబోయిన ఆల్బట్రాస్ గాలానికి తగులుకుని మునిగి చనిపోతుంది. ఈ జాతులు తగ్గిపోవడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. గాలాలను రాత్రిపూట వేయడం, తాళ్ళకు బరువు కట్టి త్వరగా ముంచడం, పక్షులను బెదరగొట్టే రంగు పట్టీలు వేలాడదీయడం వంటి జాగ్రత్తలు ఉన్నాయి, కానీ అవి నిఘాలో ఉన్న ఓడల చేత మాత్రమే చేయించగలం. కనబడని ఓడ చేత ఏ నియమమూ పాటింపజేయలేము. కాబట్టి చీకట్లో దాగిన ఓడను చూపించిన పక్షి తన జాతికి ఉన్న ప్రమాదాన్నే చూపిస్తున్నది. నిఘా ఓడ అక్కడికి వెళ్ళనంత కాలం ఈ మేలు కాగితం మీదే ఉంటుందన్నదీ నిజమే.

మన తూర్పు తీరంలో ఇలాంటిది సాధ్యమా?

మన తీరంలో ఆల్బట్రాస్‌లు లేవు. ఉన్నది ఆలివ్ రిడ్లీ తాబేలు. ఒడిశాలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ తాబేళ్ళకు భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు అమర్చి అధ్యయనం చేశారు. తాబేలు ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడే సంకేతం అందుతుంది కనుక ఓడలను వేటాడే నిఘాకు అది పనికిరాదు. కానీ తాబేళ్ళు ఏ నెలలో తీరానికి ఎంత దూరంలో గుమిగూడతాయో తెలిస్తే, ట్రాలర్లను ఎక్కడ ఆపాలో, గస్తీ పడవ ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి చలికాలం ఇసుక మీదికి కొట్టుకొచ్చే తాబేళ్ళ కళేబరాలను చూసినవారికి ఆ అవసరం వివరించనక్కరలేదు. ట్రాలర్ వలలో చిక్కి, పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోయినవే వాటిలో చాలా ఉంటాయి.

## అడవిలో, ఆకాశంలో

వేటగాళ్ళు రాబందులకు విషం ఎందుకు పెడతారు? వాటిని అమ్ముకోలేరు కదా?

రాబందులు పైన తిరిగితే కింద కళేబరం ఉన్నట్లు అటవీ సిబ్బందికి తెలిసిపోతుంది కాబట్టి. ఏనుగును చంపి దంతాలు కోయడానికి సమయం పడుతుంది. ఈలోగా ఆకాశంలో రాబందుల గుంపు చేరితే గుట్టు రట్టవుతుంది. అందుకని ఆఫ్రికాలో కొందరు వేటగాళ్ళు కళేబరం మీద పురుగుమందు చల్లిపోతున్నారు. మరుసటిసారి ఆకాశంలో సాక్షులే ఉండకూడదన్నది వారి లెక్క. 2019 జూన్‌లో బోట్స్‌వానాలో విషం కలిపిన మూడు ఏనుగు కళేబరాల దగ్గర 537 రాబందులు ఒక్కచోటే చనిపోయాయి. వాటితో పాటు రెండు గద్దలు కూడా పోయాయి.

పరికరం ఉన్న రాబందు ఈ వ్యూహాన్ని తిరగేస్తుంది. జర్మనీ పరిశోధకులు నమీబియాలోని ఎటోషా పార్కు ప్రాంతంలో తెల్లవీపు రాబందులకు జీపీఎస్‌తో పాటు శరీర కదలికలను నమోదు చేసే పరికరాలు కట్టారు. పక్షి ఎగురుతున్నదా, కూర్చున్నదా, మాంసం పీకుతున్నదా అన్నది కృత్రిమ మేధ ఆ కదలికల నుంచే గుర్తుపడుతుంది. చాలా పక్షులు ఒకే చోట తింటుంటే అక్కడ కళేబరం ఉందని చెబుతుంది. సింహం చంపిన జీబ్రా కావచ్చు, రోగంతో పోయిన జంతువు కావచ్చు, దొంగవేట కావచ్చు. అది తేల్చడానికి సిబ్బంది వెళ్ళాలి. విషమే అయితే తొందరగా వెళ్ళి కళేబరాన్ని తగలబెట్టడం వల్ల వెనక వచ్చే వందల పక్షులు బతుకుతాయి.

మన దేశంలో రాబందుల కథ వేరు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టింది; 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టిన రాబందులను చూసి పక్షిప్రేమికులు అంత సంబరపడింది అందుకే.

ఏనుగుకు కాలర్ ఉంటే దాన్ని చంపకుండా ఆపవచ్చా?

కొన్నిసార్లు ఆపవచ్చు, ప్రతిసారీ కాదు. కెన్యాలో సేవ్ ది ఎలిఫెంట్స్ సంస్థ వాడే పద్ధతిలో, ఏనుగు నిర్ణీత సమయం పాటు కదలకపోతే ఒక హెచ్చరిక, నడక వేగం పడిపోతే మరొకటి, పటం మీద గీసిన గీత దాటితే ఇంకొకటి సిబ్బంది ఫోనుకు చేరతాయి. నడక వేగం తగ్గడం గాయానికి గుర్తు కావచ్చు, అప్పుడు వైద్యుడు వెళ్ళి బతికించే వీలుంటుంది. కదలిక పూర్తిగా ఆగిందంటే మాత్రం చాలాసార్లు ఆలస్యమైపోయినట్లే. కెన్యాలో పేరు మోసిన మౌంటెన్ బుల్ అనే ఏనుగుకు కాలర్ ఉంది. అయినా 2014 మేలో దాన్ని చంపి దంతాలు పట్టుకుపోయారు.

ఏనుగు నడక తీరే భయాన్ని చెబుతుంది. 2016లో మోర్గన్ అనే మగ ఏనుగు కెన్యా తీరప్రాంతం నుంచి సోమాలియా దాకా నడిచింది. పగలంతా పొదల్లో దాగి, రాత్రి మాత్రమే నడిచినట్లు కాలర్ నమోదు చేసింది. ఆ దారిలో మనిషి ఎంత ప్రమాదకరమో దానికి తెలుసునని పరిశోధకులు అర్థం చేసుకున్నారు. వేట ఎక్కువగా ఉన్న చోట్ల ఏనుగులు ఆగకుండా వేగంగా దాటిపోవడం ఇతర అధ్యయనాల్లోనూ కనిపించింది. ఒక్క కళేబరం కూడా దొరకకముందే ఎక్కడ భయం ఉందో చెప్పే పటం ఇది.

జీబ్రాలు ఖడ్గమృగాలకు కాపలా కాస్తాయన్నది నిజమా?

ఆ దిశగా గట్టి ప్రయోగం జరిగింది. ఖడ్గమృగం మెడ ఆకారం వల్ల దానికి కాలర్ నిలవదు, పైగా అది చనిపోయాక వచ్చే సంకేతంతో ప్రయోజనం తక్కువ. అందుకని నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ విశ్వవిద్యాలయం వారు దక్షిణాఫ్రికాలోని వెల్గెవొండెన్ అభయారణ్యంలో జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు, ఈలాండ్లు, ఇంపాలాలు కలిపి 138 జంతువులకు కాలర్లు వేసి, కొందరిని వేటగాళ్ళలా అడవిలోకి పంపించారు. మందల కదలికలను బట్టి చొరబాటును దాదాపు 86 శాతం కచ్చితత్వంతో గుర్తించగలిగామని 2021లో ప్రకటించారు. మనిషి ఉన్న చోటును అర కిలోమీటరు తేడాలోపు చూపగలిగింది మాత్రం సగానికి కొంచెం పైన సందర్భాల్లోనే. జింకల అరుపును బట్టి పులి ఎటు కదిలిందో చెప్పే నల్లమల చెంచుకు ఈ సూత్రం కొత్త కాదు. లెక్క మాత్రమే కొత్తది.

చెత్త పారబోసేవారిని కూడా పక్షులు పట్టించాయట కదా?

పెరూ రాజధాని లిమాలో 2015 చివర నల్ల రాబందులకు జీపీఎస్‌లు, కొన్నిటికి కెమెరాలు కట్టి, నగరంలో అక్రమ చెత్త దిబ్బలు ఎక్కడున్నాయో చూపించారు. ఆ దేశ పర్యావరణ శాఖ, అమెరికా సహాయ సంస్థ కలిసి చేసిన పని అది. పది పక్షులతో చేసిన ఆ ప్రయత్నంలో నిఘా కన్నా ప్రచారం పాలే ఎక్కువ. అయినా జనం అసహ్యించుకునే పక్షిని జనం చేతే మెచ్చుకునేలా చేసింది.

## సంకేతం ఆగిపోయాక

ట్యాగ్ ఒక్కసారిగా మూగబోతే పక్షిని చంపేశారని అర్థమా?

ఒక్క పక్షి విషయంలో అలా చెప్పలేము. పరికరం పాడై ఉండవచ్చు, సౌరఫలకం ఈకల కింద కప్పుకుపోయి ఉండవచ్చు. మామూలుగా చనిపోయిన పక్షి పరికరం కొంతకాలం అదే చోటు నుంచి సంకేతాలు పంపుతూనే ఉంటుంది, వెళ్ళి కళేబరాన్ని తెచ్చుకోవచ్చు. పాడవుతున్న పరికరం కూడా చాలాసార్లు బ్యాటరీ తగ్గుతున్న లక్షణాలు ముందుగా చూపిస్తుంది. చక్కగా పనిచేస్తున్నది హఠాత్తుగా ఆగిపోయి, ఆఖరి చోట పక్షీ పరికరమూ రెండూ దొరకకపోతే అనుమానం మొదలవుతుంది.

అనుమానం బలపడేది లెక్కలతో. స్కాట్లాండ్‌లో 2004 నుంచి 2016 వరకు 131 గోల్డెన్ ఈగల్ పిల్లలకు ట్యాగ్‌లు కడితే, 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని ప్రభుత్వం కోరిన సమీక్ష 2017లో తేల్చింది. అవి మాయమైన చోట్లు కొన్ని గుట్టల మీదే పోగుపడ్డాయి. అవి ధనికులు తుపాకీ సరదా కోసం గ్రౌస్ అనే కోడిజాతి పక్షులను పెంచే భూములు. గ్రౌస్‌లను తినే గద్దలంటే అక్కడివారికి గిట్టదు. బ్రిటన్‌లోనే 58 హెన్ హారియర్‌ల మీద జరిగిన మరో అధ్యయనం 2019లో వచ్చింది. ఇవి మన పిల్లిగద్దలకు దాయాదులు. వాటిలో 72 శాతాన్ని చట్టవిరుద్ధంగా చంపినట్లు రుజువైంది లేదా చంపి ఉండే అవకాశం చాలా ఎక్కువని తేలింది. గ్రౌస్ భూముల మీద ఉన్నప్పుడు అవి చనిపోయే లేదా మాయమయ్యే ప్రమాదం మిగతా చోట్ల కన్నా పది రెట్లు. పరికరాల్లోనే లోపముంటే అది భూమి యజమానిని చూసి రాదు కదా!

ఎవరినీ శిక్షించలేనప్పుడు ఈ లెక్కలెందుకు?

శిక్ష పడటం ఒక్కటే ఫలితం కాదు. స్కాట్లాండ్‌లో గద్ద మాయమైన ఒక్కో ఘటనలో కేసు నిలబెట్టడం దాదాపు అసాధ్యమైంది. నిర్మానుష్యమైన గుట్ట మీద సాక్షి ఎక్కడ దొరుకుతాడు? కానీ ఏళ్ళ తరబడి కూడిన ట్యాగ్ సమాచారం ఆ చర్చనే మార్చింది. 2024లో ఆ పార్లమెంటు చేసిన చట్టంతో గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి అయింది. గద్దలను చంపినట్లు తేలితే ఆ భూమి మీద లైసెన్సును ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. తుపాకీ పట్టిన మనిషి ఎవరో తెలియకపోయినా ఆ భూమి యజమానికి బాధ్యత వచ్చింది.

మన దేశంలో కాలర్ ఉన్న జంతువులను చంపిన ఘటనలు ఉన్నాయా?

ఉన్నాయి. మహారాష్ట్రలో జై అనే ప్రసిద్ధమైన పులి కాలర్‌తోనే 2016 ఏప్రిల్‌లో కనబడకుండా పోయింది. దాని పిల్ల శ్రీనివాస్‌కూ కాలర్ ఉండేది. 2017 ఏప్రిల్‌లో నాగ్‌భీడ్ ప్రాంతంలో ఆ కాలర్ విడిగా దొరికింది. వెతికితే, పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి పులి చనిపోయిందనీ, కళేబరాన్ని పాతిపెట్టారనీ బయటపడింది. అడవి పందుల కోసం పెట్టిన తీగకు పులి బలి కావడం తెలంగాణ అటవీ జిల్లాల్లోనూ తెలిసిన విషాదమే. కాలర్ లేని పులి అయితే ఆ మరణం చాలాసార్లు లెక్కలోకే రాదు.

ఈశాన్యంలో మరో రకం అనుభవం ఉంది. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అముర్ డేగలను వలలు పన్ని భారీగా పట్టి చంపుతున్న దృశ్యాలు దేశాన్ని కలచివేశాయి. మరుసటి ఏడాది ఆ ఊళ్ళవారే వేట మానారు, శాస్త్రవేత్తలు మూడు డేగలకు నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టి ఉపగ్రహ పరికరాలు కట్టారు. బంగాళాఖాతం దాటి ఆంధ్ర మీదుగా అరేబియా సముద్రం వైపు, అక్కడి నుంచి ఆఫ్రికాకు పోయిన ఆ పక్షుల ప్రయాణాన్ని ఊరంతా గమనించింది. 2018లో మణిపూర్‌లో ఆ రాష్ట్రం పేరే పెట్టిన డేగ ట్యాగ్ కట్టిన కొద్ది రోజులకే వేటకు బలైంది. దాని మృతదేహం దొరకడానికి కారణం ఆ ట్యాగే.

కాలర్ సమాచారం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుందా?

పద్ధతి ప్రకారం దాఖలు చేస్తే చెల్లుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం జతచేయాలి. అందులో పరికరం బాధ్యత చూసే వ్యక్తి ఒక భాగం, నిపుణుడు మరో భాగం నింపాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. ఎక్కువ కేసులు బలహీనపడేది ఇలాంటి కాగితాల దగ్గరే. కాలర్ చోటును, సమయాన్ని చెబుతుంది. నిందితుడిని ఆ చోటుతో కలపడానికి ఫోన్ రికార్డులు, స్వాధీనం చేసుకున్న తీగలు, రక్తపు మరకలు కావాలి. ఆ మరక ఏ జంతువుదో డీఎన్ఏతో తేల్చే పనిలో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు దేశవ్యాప్తంగా పేరుంది. మొదటి షెడ్యూల్ జంతువును చంపినట్లు రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడతాయి.

## ప్రమాదాలు, జాగ్రత్తలు

అదే సమాచారం వేటగాళ్ళ చేతిలో పడితే?

ఈ భయం ఊహ కాదు. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నా అభయారణ్యంలో ఉన్న పులి ఒకదాని జీపీఎస్ సమాచారం చేరే ఈమెయిల్ ఖాతాలోకి పుణె నుంచి ఎవరో చొరబడబోయారు. సర్వర్ ఆ ప్రయత్నాన్ని అడ్డుకుంది. 2009 నాటికి దొంగవేట వల్ల పులి అన్నదే మిగలని పన్నాలో, బయటి నుంచి తెచ్చి కాలర్లు వేసి తిరిగి పెంచుకున్న సంతతి అది. ఆ పులి ఎక్కడుందో తెలిస్తే నష్టం ఎంతో చెప్పనక్కరలేదు. అందుకే అరుదైన జంతువుల తాజా స్థానాలను బయటపెట్టరు. ప్రజలకు చూపే పటాల్లో రోజులు, వారాల ఆలస్యం పెడతారు, గూళ్ళ చోట్లను చెరిపేస్తారు. పాత తరహా రేడియో కాలర్ల సంకేతాన్ని తగిన రిసీవర్ ఉన్న ఎవరైనా వినగలరన్నదీ గుర్తుంచుకోవాలి. సఫారీలో కాలర్ ఉన్న పులి కనబడితే చోటూ సమయంతో సహా ఫోటోను అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టకపోవడం మన వంతు జాగ్రత్త.

మా ఊళ్ళో వీపున యంత్రం, కాలికి ఉంగరం ఉన్న పక్షి దొరికింది. గూఢచారి పక్షేమో అంటున్నారు. ఏం చేయాలి?

ఈ అనుమానం మన ఊళ్ళకే పరిమితం కాదు. 2011లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం ట్యాగ్ ఉన్న రాబందును సౌదీ అరేబియాలో గూఢచారి అనుకుని పట్టి ఉంచారు. వీపు మీద చిన్న సౌరఫలకం, సన్నని తీగలాంటి యాంటెన్నా ఉంటే అది దాదాపు ఎప్పుడూ పరిశోధన పరికరమే. దాన్ని ఊడదీయకూడదు, పక్షిని ఇంట్లో కట్టేసి ఉంచకూడదు. పక్షి ఎగరగలిగే స్థితిలో ఉంటే దూరం నుంచి ఫోటో తీసి వదిలేయాలి. గాయపడి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖ బీట్ అధికారికి అప్పగించాలి, నోట్లో నీళ్ళు పోయకూడదు. చనిపోయి ఉంటే కదిలించకుండా చుట్టుపక్కల ఏముందో కూడా ఫోటో తీయాలి: పురుగుమందు డబ్బా, తీగ, వల, సగం తిన్న మాంసం ముక్క ఏదైనా కావచ్చు. మన దేశంలో వేసిన ఉంగరాల మీద చాలావరకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరూ ఒక నంబరూ చెక్కి ఉంటాయి; ఆ నంబరు, దొరికిన తేదీ, ఊరు, మండలం రాసి పంపితే ఆ పక్షి ఎక్కడ, ఎప్పుడు ఉంగరం వేయించుకుందో వారు తిరిగి తెలియజేస్తారు.